పొగ రాని కారుకు పర్యావరణ లెక్క ఎలా కట్టాలి?

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటి సారాంశం ఒక్కటే: విద్యుత్ కారు పెట్రోలు కారు కన్నా పర్యావరణానికి నిజంగా మేలు చేస్తుందా, లేక హానిని మన కంటికి కనబడని చోటికి నెట్టేస్తుందా? అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించి, ఒకే అర్థం వచ్చే ఉత్తరాలను కలిపి ఆరు ప్రశ్నలుగా ఇస్తున్నాను. అంకెలను దగ్గరి గుండ్రని సంఖ్యలకు సవరించాను కాబట్టి, ఆసక్తి ఉన్నవారు కాగితం మీద లెక్క వేసి సరిచూసుకోవచ్చు.

ప్రశ్న: అయ్యా, విద్యుత్ కారుకు పొగగొట్టం ఉండదు, నిజమే. కానీ దానికి ఎక్కించే కరెంటు బొగ్గు మండిస్తేనే కదా వచ్చేది? పొగ రోడ్డు మీద రాకుండా విద్యుత్ కేంద్రం దగ్గర వస్తుంది. మరి తేడా ఏమిటి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మీరు అడిగినది ఈ చర్చలో అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. కరెంటు ఎక్కడి నుంచి వస్తున్నదో చూడకుండా విద్యుత్ కారును కాలుష్యం లేని కారు అనడం తప్పు. అయితే అదే కొలబద్దతో పెట్రోలును కూడా కొలవాలి. అంటే చమురు బావి దగ్గర మొదలుపెట్టి చక్రం తిరిగేదాకా జరిగేదంతా లెక్కలోకి రావాలి. ముందుగా ఒక్క లీటరు పెట్రోలును దగ్గరగా చూద్దాం.

లీటరు పెట్రోలు బరువు సుమారు 750 గ్రాములు. అందులో దాదాపు 640 గ్రాములు కార్బన్, మిగిలినది చాలావరకు హైడ్రోజన్. ఇంజనులో మండేటప్పుడు ఒక్కొక్క కార్బన్ పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను కలుపుకొని కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. బరువులో 12 పాళ్ల కార్బన్‌కు 32 పాళ్ల ఆక్సిజన్ చొప్పున కలుస్తుంది కాబట్టి, ఆ 640 గ్రాముల కార్బన్ నుంచి సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. ముప్పావు కిలో ద్రవం నుంచి దానికి మూడు రెట్ల బరువు గల వాయువు ఎలా వస్తుందని చాలామంది అనుమానపడతారు; పెరిగిన బరువంతా గాలిలోంచి తీసుకున్న ఆక్సిజన్‌దే. దీనికి మరొక భాగం కూడా కలపాలి. చమురును భూమిలోంచి తోడడానికి, ఓడల్లోనూ గొట్టాల్లోనూ తరలించడానికి, రిఫైనరీలో వేడిచేసి శుద్ధి చేయడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. ఈ పనుల వల్ల వచ్చే ఉద్గారాలు పెట్రోలు మండినప్పుడు వచ్చే వాటిలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటాయి. వంద కిలోమీటర్లకు 7 లీటర్లు తాగే మధ్యతరహా కారును తీసుకుంటే, ఇవన్నీ కలిపి కిలోమీటరుకు సుమారు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ తేలుతుంది. పొగగొట్టం దగ్గర మాత్రమే కొలిచేవారు చెప్పే 160 గ్రాముల అంకె అసంపూర్ణమైనది.

ఇప్పుడు అసలు తేడా దగ్గరికి వద్దాం. పెట్రోలు ఇంజను ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతు అటూ ఇటుగా మాత్రమే చక్రాలకు చేరవేస్తుంది. మిగిలినదంతా రేడియేటరు నుంచీ పొగగొట్టం నుంచీ వేడిగా పోతుంది. ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్నప్పుడు బానెట్ మీద చెయ్యి పెడితే తగిలే వేడి, మనం కొన్న పెట్రోలే. విద్యుత్ మోటారుకు బ్యాటరీ ఇచ్చే శక్తిలో నాలుగింట మూడొంతులకు పైగా చక్రాలకు చేరుతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి, బండి వేగంలోని శక్తిలో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. అందువల్ల అదే పరిమాణం గల విద్యుత్ కారుకు వంద కిలోమీటర్లకు, ఛార్జింగ్‌లో పోయే నష్టాన్ని కలుపుకొని, సుమారు 18 యూనిట్లు సరిపోతాయి.

ఆ 18 యూనిట్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ఇక మీ ప్రశ్నకు జవాబు. పూర్తిగా బొగ్గు మీద నడిచే గ్రిడ్డులో (కేంద్రాల నుంచి మన ఇళ్లకు కరెంటు చేర్చే వ్యవస్థలో), దారిలో పోయే విద్యుత్తును కూడా కలిపితే, యూనిట్‌కు సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అప్పుడు కారు వాటా కిలోమీటరుకు 180 గ్రాములు. పెట్రోలు కారు 200 గ్రాములతో పోలిస్తే ఇది పెద్ద మేలేమీ కాదు, పెట్రోలు ఇంజనుకు విద్యుత్ మోటారు తోడై, వంద కిలోమీటర్లకు నాలుగున్నర లీటర్లతో నడిచే మంచి హైబ్రిడ్ కారు దీనికన్నా బాగా తక్కువే వదులుతుంది. ఈ మాట దాచిపెట్టి విద్యుత్ కార్లను పొగడడం పాఠకులకు చేసే అన్యాయం. అయితే పూర్తిగా బొగ్గు మీదే నడిచే గ్రిడ్డులు ప్రపంచంలో బహు తక్కువ. బొగ్గు, గ్యాసు, జలం, గాలి, అణువు, సూర్యుడు అన్నీ కలిసిన గ్రిడ్డులో వినియోగదారుడికి చేరే యూనిట్‌కు 500 గ్రాములు అనుకుంటే, కిలోమీటరుకు 90 గ్రాములే, అంటే పెట్రోలు కారులో సగం కన్నా తక్కువ. దాదాపు మొత్తం జలవిద్యుత్తు మీదే ఆధారపడిన నార్వే వంటి దేశంలో ఇది పది గ్రాములకు అటూ ఇటుగా ఉంటుంది.

ఇంకొక సంగతి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పెట్రోలు కారు కర్మాగారం నుంచి బయటికి వచ్చిన రోజున ఎంత కాలుష్యం చేస్తుందో, పాతబడేకొద్దీ అంతకన్నా ఎక్కువే చేస్తుంది గానీ తక్కువ చేయదు. లీటరుకు 2.3 కిలోలన్నది రసాయన సూత్రం, దాన్ని ఏ మెకానిక్కూ తగ్గించలేడు. విద్యుత్ కారు మాత్రం గ్రిడ్డు బాగుపడిన మేరకు తానూ బాగుపడుతుంది. బ్రిటన్‌లో 2012 నాటికి కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గు నుంచే వచ్చేది, 2024 సెప్టెంబరు 30న అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. ఆ పన్నెండేళ్లూ అక్కడ నడిచిన విద్యుత్ కారు, ఒక్క మరకూ మార్చకుండానే, ఏటేటా శుభ్రపడుతూ వచ్చింది.

ప్రశ్న: బ్యాటరీ తయారీలోనే అంత కాలుష్యం ఉందనీ, అది తీరాలంటే కారు లక్షల కిలోమీటర్లు నడవాలనీ ఒక వీడియోలో చూశాను. ఇందులో నిజమెంత?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: ఈ మాటకు మూలం ఉంది, అది కాలం చెల్లిన మూలం. స్వీడన్‌కు చెందిన ఐవీఎల్ పర్యావరణ పరిశోధన సంస్థ 2017లో వెలువరించిన నివేదికలో, ఒక యూనిట్ విద్యుత్తును నిలవ చేయగల బ్యాటరీ సామర్థ్యాన్ని తయారుచేయడానికి 150 నుంచి 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని అంచనా వేశారు. అదే సంస్థ 2019లో కొత్త సమాచారంతో తన లెక్కను తిరిగి చూసుకొని, ఆ అంచనాను 61 నుంచి 106 కిలోలకు తగ్గించింది. కర్మాగారాలు పెద్దవి కావడం, వాటి పనితీరుపై మెరుగైన సమాచారం దొరకడం ఇందుకు ముఖ్య కారణాలు. మొదటి నివేదిక ఊరూరా తిరిగింది, రెండోది అంతగా తిరగలేదు.

మనం మధ్యస్థంగా 80 కిలోలు తీసుకుందాం. 60 యూనిట్ల బ్యాటరీ గల కారుకు అది 4,800 కిలోలు అవుతుంది. అంటే విద్యుత్ కారు తన జీవితాన్ని దాదాపు అయిదు టన్నుల అప్పుతో మొదలుపెడుతుందన్నమాట. మిగిలిన భాగాలు, అంటే ఇనుము, అల్యూమినియం, అద్దాలు, సీట్లు రెండు రకాల కార్లలోనూ ఇంచుమించు సమానమే కాబట్టి వాటిని పక్కన పెడదాం. పై జవాబులోని మిశ్రమ గ్రిడ్డులో కిలోమీటరుకు 110 గ్రాములు ఆదా అవుతాయి కనుక, 4,800 కిలోలను దానితో భాగిస్తే సుమారు 44 వేల కిలోమీటర్లకు అప్పు తీరిపోతుంది. శుభ్రమైన గ్రిడ్డులో 25 వేల కిలోమీటర్లే చాలు. పూర్తి బొగ్గు గ్రిడ్డులో మాత్రం 2 లక్షల 40 వేల కిలోమీటర్లు పడుతుంది. మీరు చూసిన వీడియో ఆ ఒక్క సందర్భాన్నే అన్నిచోట్లకూ వర్తింపజేసి ఉంటుంది.

ఈ లెక్కలో బ్యాటరీ పరిమాణం ఎంత ముఖ్యమో గమనించండి. 30 యూనిట్ల బ్యాటరీ, వంద కిలోమీటర్లకు 12 యూనిట్ల వాడకం గల చిన్న విద్యుత్ కారును, అయిదు లీటర్లతో నడిచే చిన్న పెట్రోలు కారుతో పోల్చి చూస్తే, అదే మిశ్రమ గ్రిడ్డులో 30 వేల కిలోమీటర్లకే అప్పు తీరుతుంది. వంద యూనిట్ల బ్యాటరీ మోసుకుని తిరిగే రెండున్నర టన్నుల విద్యుత్ వాహనం మాత్రం ఆ భారాన్ని కర్మాగారంలోనూ రోడ్డు మీదా కూడా మోస్తూనే ఉంటుంది. ఏడాదికి రెండు మూడు సార్లు చేసే దూరప్రయాణం కోసం ఏడాది పొడవునా ఆ బరువును లాగడం నాకు ఎప్పుడూ సమంజసంగా తోచలేదు.

కారు పుట్టుక నుంచి తుక్కు అయ్యేదాకా, ఆ కాలంలో గ్రిడ్డులో రాబోయే మార్పుతో సహా లెక్కగట్టిన అధ్యయనాలు కూడా ఇదే దిక్కు చూపుతున్నాయి. ఐసీసీటీ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2021లో చేసిన పోలికలో, మధ్యతరహా విద్యుత్ కారు జీవితకాల ఉద్గారాలు అదే తరగతి పెట్రోలు కారు కన్నా యూరప్‌లో 66 నుంచి 69 శాతం, అమెరికాలో 60 నుంచి 68 శాతం, చైనాలో 37 నుంచి 45 శాతం, భారతదేశంలో 19 నుంచి 34 శాతం తక్కువని తేలింది. ఈ నాలుగు చోట్లా ఫలితం ఒకే వైపు ఉంది, అయితే మేలు ఎంతన్నది మాత్రం బొగ్గు వాటాను బట్టి మారింది.

ప్రశ్న: నమస్కారం. బ్యాటరీల్లో వాడే కోబాల్టు లోహపు గనుల్లో చిన్నపిల్లలు పనిచేస్తున్న ఫొటోలు చూసిన దగ్గర నుంచి విద్యుత్ కారు కొనాలంటే మనసు ఒప్పడం లేదు. లిథియం కోసం ఎడారుల్లో నీళ్లు తోడేస్తున్నారని కూడా విన్నాను. గాలి శుభ్రపడడం కోసం ఇంకొకరి నేలను పాడుచేయడం న్యాయమేనా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ మనసు ఒప్పకపోవడమే సరైనది. ఆ ఫొటోలు అబద్ధం కాదు. ప్రపంచంలో తవ్వే కోబాల్టులో మూడింట రెండొంతులకు పైగా ఒక్క కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచే వస్తుంది. అందులో ఎక్కువ భాగం యంత్రాలతో తవ్వే పెద్ద గనులదే అయినా, కొంత భాగం చేతి పారలతో, ఊతం లేని సొరంగాల్లో దిగి తవ్వే చిన్న గనుల నుంచి వస్తుంది. అక్కడ పిల్లలు రాళ్లు ఏరడం, కడగడం, బస్తాలు మోయడం ఎన్నో సంస్థలు నమోదు చేసిన వాస్తవం.

బ్యాటరీల్లో వాడే మరో లోహం నికెల్ కథ ఇండోనేషియాలో ఉంది. ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా ఇప్పుడు అక్కడిదే. మట్టిపొరల్లో పలచగా పరుచుకుని ఉండే ఆ ఖనిజం కోసం వర్షారణ్యాన్ని నరకవలసి వస్తున్నది, దాన్ని కరిగించే కొలుముల కోసం ప్రత్యేకంగా బొగ్గు విద్యుత్ కేంద్రాలు కట్టారు. లిథియం రెండు దారుల్లో వస్తుంది. ఆస్ట్రేలియాలో గట్టి రాతిని పగలగొట్టి తీస్తారు. చిలీలోని అటకామా ఉప్పు మైదానంలో భూగర్భంలోని ఉప్పునీటిని పైకి తోడి, విశాలమైన మడుగుల్లో ఏడాదికి పైగా ఎండబెట్టి తీస్తారు. ప్రపంచంలోనే అతి పొడి ప్రదేశాల్లో ఒకటైన ఆ చోట అలా ఆవిరైపోయే నీటికీ, అంచుల్లోని మంచినీటి చెలమలకూ, వాటి మీద బతికే ఊళ్లకూ ఫ్లెమింగో పక్షులకూ ఉన్న సంబంధం గురించి స్థానిక ఆదివాసీ సమాజాలు ఏళ్ల తరబడి పోరాడుతున్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో లెక్కగట్టిన ప్రకారం, ఇనుమూ అల్యూమినియమూ కాకుండా మిగిలిన ఖనిజాలు ఒక విద్యుత్ కారులో మామూలు కారులో కన్నా ఆరు రెట్లు ఎక్కువ పడతాయి. ఈ భారాన్ని చిన్నది చేసి చూపడం నాకు ఇష్టం లేదు.

కానీ తక్కెడలో రెండో పళ్లెం కూడా ఉంది. మన ఉదాహరణలోని పెట్రోలు కారు 2 లక్షల కిలోమీటర్లు నడిస్తే 14 వేల లీటర్లు, అంటే పది టన్నులకు పైగా పెట్రోలు తాగుతుంది. ఆ పది టన్నులూ ఎక్కడో ఒకచోట భూమిలోంచి తీసినవే, వాడిన తరువాత అందులో ఒక్క చెంచా కూడా తిరిగి రాదు. విద్యుత్ కారు బ్యాటరీలో ఉండే లిథియం పది కిలోల లోపే ఉంటుంది, కారు ముసలిదై ఆగిపోయిన రోజున కూడా అది ఆ పెట్టెలోనే ఉంటుంది. ఆ పది కిలోల కోసం తవ్వే రాయి గానీ తోడే ఉప్పునీరు గానీ టన్నుల్లో ఉంటుందన్నది నిజమే. అయినా ఒకసారి తీసి మళ్లీ మళ్లీ వాడుకోగలిగిన లోహానికీ, తీసిన వెంటనే కాల్చి గాలిలో కలిపేసే ఇంధనానికీ ఉన్న తేడా చిన్నది కాదు.

చమురు వెనక ఉన్న నేలనూ మరిచిపోకూడదు. 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి కారిన చమురు, 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి పదకొండు మంది చనిపోయిన తరువాత దాదాపు మూడు నెలల పాటు సముద్రంలోకి చిమ్మిన చమురు, నైజర్ నది డెల్టాలో దశాబ్దాలుగా చేపల చెరువులను, మడ అడవులను నల్లబరుస్తున్న చమురు – ఇవన్నీ పెట్రోలు కారు ఖాతాలోనివే. రిఫైనరీల్లో పెట్రోలు నుంచీ డీజిల్ నుంచీ గంధకాన్ని తొలగించడానికి వాడే ఉత్ప్రేరకాల్లో కూడా కోబాల్టు ఉంటుందని చాలామందికి తెలియదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలో కోబాల్టు ఉండదు, నికెల్ కూడా ఉండదు. ఇనుము, ఫాస్ఫేట్ మాత్రమే లిథియంతో కలిసి ఉంటాయి. అదే బరువుకు కొంచెం తక్కువ దూరం ఇచ్చినా, ఈ రకం ఎక్కువ కాలం మన్నుతుంది. 2024లో ప్రపంచవ్యాప్తంగా కార్లలో అమర్చిన బ్యాటరీ సామర్థ్యంలో దాదాపు సగం ఈ రకానిదే. కారు కొనే ముందు రంగు గురించి అడిగినట్టే, బ్యాటరీ ఏ రకమని అడగండి. జవాబు చెప్పలేని చోట కొనకండి. కాంగో పిల్లల సమస్య మాత్రం కారు మానేస్తే తీరేది కాదు. మీ చేతిలోని ఫోను బ్యాటరీలో కూడా కోబాల్టు ఉంటుంది. గనిలో ఎవరు పనిచేశారో చూపించమని తయారీదారులను నిలదీసే చట్టాలు వస్తేనే అది కదులుతుంది.

ప్రశ్న: విద్యుత్ కార్లు బరువెక్కువ కాబట్టి టైర్లు ఎక్కువ అరిగి, ఆ ధూళి పెట్రోలు పొగ కన్నా ప్రమాదకరమని అంటున్నారు. నిజమేనా?
– ఒక ఆటోమొబైల్ మెకానిక్

జవాబు: టైర్ల సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. బరువు పెరిగితే అరుగుదల పెరుగుతుంది, మోటారు ఒక్కసారిగా ఇచ్చే తోపుడు దాన్ని ఇంకా పెంచుతుంది. కానీ చక్రం దగ్గర ధూళి టైరు నుంచి ఒక్కటే రాదు. మీ దగ్గరికి వచ్చే పెట్రోలు కారు ముందు చక్రం రిమ్ము మీద వేలితో రాస్తే అంటుకునే నల్లటి పొడి చాలావరకు బ్రేకు ప్యాడ్లది. విద్యుత్ కారులో మోటారే వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్ల వాడకం బాగా తగ్గుతుంది. కొన్ని కార్లలో డిస్కులు వాడకం లేక తుప్పు పట్టడం మీరూ చూసే ఉంటారు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, పొగను పక్కనపెట్టి టైర్లు, బ్రేకులు, రోడ్డు నుంచి లేచే అతి సన్నటి ధూళిని మాత్రమే చూస్తే, తేలికపాటి విద్యుత్ కార్లు మామూలు కార్ల కన్నా 11 నుంచి 13 శాతం తక్కువ, పెద్ద బ్యాటరీతో బరువెక్కిన కార్లు 3 నుంచి 8 శాతం ఎక్కువ ధూళిని లేపుతాయి. ఇక్కడ కూడా బరువుదే తప్పు.

టైరు ధూళిని తేలికగా తీసుకోమని నేను అనను. టైరు రబ్బరు పాడవకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారి, వాన నీటితో వాగుల్లోకి చేరి అమెరికా పశ్చిమ తీరంలో కోహో సాల్మన్ చేపలను చంపుతున్నదని 2020లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అయితే టైర్లు పెట్రోలు కారుకూ ఉన్నాయి. ఆ ధూళికి తోడు దాని పొగగొట్టం నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయిన బెంజీన్ కూడా వస్తాయి. అవి వచ్చేది నేలకు అడుగు ఎత్తులో, అంటే రోడ్డు దాటడానికి నిలబడిన చిన్నపిల్లవాడి ముఖానికి ఎంతో దగ్గరలో. విద్యుత్ కేంద్రం పొగ కూడా విషమే గానీ, అది ఎత్తయిన గొట్టం నుంచి వస్తుంది, ఒకే చోట ఉంటుంది కాబట్టి దానికి వడపోత యంత్రాలు బిగించి నిఘా పెట్టవచ్చు. ఆ కేంద్రం పక్కనే నివసించేవారికి ఈ మాట ఓదార్పు కాదు. వారి కోసం వడపోత నిబంధనలను గట్టిగా అమలు చేయవలసిందే.

ప్రశ్న: పదేళ్ల తరువాత ఈ బ్యాటరీలన్నీ చెత్తకుప్పలుగా మారవా?
– ఒక పురపాలక ఉద్యోగి

జవాబు: మార్చకూడదు, మార్చవలసిన అవసరమూ లేదు. కారులో బ్యాటరీ శక్తి మొదటి సామర్థ్యంలో 70 శాతానికి పడిపోయినా, అది చచ్చిన బ్యాటరీ కాదు. కారుకు చాలని ఆ బ్యాటరీ, బరువుతో పనిలేని చోట, పగటి సౌర విద్యుత్తును రాత్రికి దాచే పెట్టెగా మరికొన్నేళ్లు పనిచేయగలదు. ఆ తరువాత దాన్ని విప్పి, పొడిచేసి, ఆమ్ల ద్రావణాల్లో కరిగించి నికెల్, కోబాల్టు, రాగి, లిథియం విడివిడిగా రాబట్టే పద్ధతులు ఇప్పటికే కర్మాగారాల స్థాయిలో నడుస్తున్నాయి. 2023లో వచ్చిన యూరోపియన్ యూనియన్ బ్యాటరీల చట్టం, 2027 చివరికి పాత బ్యాటరీల్లోని కోబాల్టు, నికెల్, రాగిలో 90 శాతం, లిథియంలో 50 శాతం తిరిగి రాబట్టాలనీ, 2031 చివరికి వీటిని వరుసగా 95 శాతానికీ 80 శాతానికీ పెంచాలనీ నిర్దేశించింది.

మీ భయం మాత్రం నిరాధారం కాదు. పాత లెడ్ బ్యాటరీలను పెరట్లో పగలగొట్టి సీసం కరిగించే చోట్ల పిల్లల రక్తంలో సీసం చేరిన అనుభవం ఎన్నో దేశాల్లో ఉంది. లిథియం బ్యాటరీని తెలియనివారు విప్పితే మంట అంటుకుంటుంది, అందులోంచి ఫ్లోరిన్ కలిసిన విషవాయువులు వస్తాయి. ఇంకొక చిక్కు కూడా ఉంది. కోబాల్టు లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ గని దగ్గర మేలు చేసినా, తుక్కు దగ్గర అందులో ఖరీదైన లోహం తక్కువ కాబట్టి, దాన్ని శుద్ధి చేయడానికి వ్యాపారికి ఉత్సాహం తక్కువ. అందుకే తయారుచేసినవారే వెనక్కి తీసుకోవాలన్న నిబంధన కార్లు అమ్ముడుపోతున్న రోజుల్లోనే ఉండాలి గానీ, కుప్పలు పడ్డాక కాదు.

ప్రశ్న: నా పెట్రోలు కారుకు ఏడేళ్లు. నెలకు 300 కిలోమీటర్లకు మించి నడపను. పర్యావరణం కోసం దాన్ని అమ్మేసి విద్యుత్ కారు కొనాలా? మధ్యేమార్గంగా, పెట్రోలుతోనూ ప్లగ్గుకు పెట్టి ఎక్కించిన కరెంటుతోనూ నడిచే ప్లగ్ ఇన్ హైబ్రిడ్ కొంటే ఎలా ఉంటుంది?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: తొందరపడవద్దు. మీరు ఏడాదికి 3,600 కిలోమీటర్లు నడుపుతున్నారు. మిశ్రమ గ్రిడ్డులో 44 వేల కిలోమీటర్లకు తీరే బ్యాటరీ అప్పు మీ చేతుల్లో పన్నెండేళ్లకు గాని తీరదు. పైగా ఉన్న కారును మార్చి కొత్తది చేయిస్తున్నారు కాబట్టి, ఇక్కడ బ్యాటరీ ఒక్కటే కాదు, కొత్త కారు మొత్తం తయారీ భారమూ మీ లెక్కలోకే వస్తుంది. మీరు అమ్మిన పాత కారు మాయమైపోదు, ఇంకొకరి చేతిలో బహుశా మీకన్నా ఎక్కువే తిరుగుతుంది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే వ్యక్తి ఇదే ప్రశ్న అడిగితే నా జవాబు తలకిందులయ్యేది. ఆయన ఏడాదిన్నర తిరగకముందే బ్యాటరీ అప్పు తీర్చి, ఆ తరువాత ప్రతి కిలోమీటరుకూ మేలు చేస్తాడు.

ప్లగ్ ఇన్ హైబ్రిడ్ సంగతి అది కొన్నవారి అలవాటును బట్టి ఉంటుంది. రోడ్డు మీద తిరిగే కార్ల నుంచి సేకరించిన సమాచారంతో యూరోపియన్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, ఇలాంటి కార్లు పరీక్షల్లో చూపిన దానికన్నా సగటున మూడున్నర రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయని తేలింది. కారణం, చాలామంది వాటిని ప్లగ్గుకు పెట్టకుండా పెట్రోలుతోనే నడుపుతున్నారు. రోజూ రాత్రి తప్పకుండా ఛార్జింగ్ పెట్టగలనన్న నమ్మకం మీకు ఉంటేనే అటువైపు చూడండి.

ఈలోగా మీ పాత కారు టైర్లలో గాలి సరిగా ఉంచి, సర్వీసు వాయిదా వేయకుండా, దగ్గరి పనులకు నడిచి వెళ్తే, ఏడాదికి 3,600 కిలోమీటర్లను 3,000కు తగ్గించినా 120 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. కారు ఇక పనికిరాదని మెకానిక్ చెప్పిన రోజున మీ గ్రిడ్డులో బొగ్గు వాటా ఎంత ఉందో, మీ అవసరానికి సరిపోయే అతి చిన్న బ్యాటరీ ఏదో కనుక్కుని మళ్లీ రాయండి. అప్పటి అంకెలతో లెక్క కొత్తగా వేద్దాం.